వియన్నాలో చేసిన నిద్ర

మార్కాపురం

ఉదయం ఐదూ నలభైకి తర్లుపాడు బస్సు మార్కాపురం బస్టాండులోకి వచ్చింది. అందులోంచి మా వదిన ఓబులమ్మ దిగింది. ఒక చేతిలో కొత్త సూట్‌కేసు, ఇంకో చేతిలో పాత గుడ్డ సంచి. సూట్‌కేసులో చోటు చాల్లేదా అని అడిగాను.

"పెట్టె విమానమోళ్లు తీసుకుంటారంట గదా. సంచి నాతోనే ఉంటాది," అంది.

మేమిద్దరం రొమేనియా పోవాలి. ఆ దేశం రాజధాని బుకారెస్టులో మా బావమరిది కేశవులు ఉంటాడు. గిద్దలూరులో బండలు పరిచే పని నేర్చుకుని, ఐదేళ్ల కిందట అక్కడికి పోయాడు. ఇళ్లకు గచ్చు, మెట్లు వేస్తాడు. ఓబులమ్మ వదిన పెద్దది, కేశవులు చిన్నవాడు, వాళ్లిద్దరి మధ్య పుట్టింది నా భార్య సుబ్బరత్న. ఆమె పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. భార్య పోయిన మనిషి ఏడాది తిరిగేలోపల ఆమె పుట్టింట్లో ఒక రాత్రి నిద్ర చేయాలి. వాళ్లు గడప దగ్గర కాళ్లకు నీళ్లు పోసి, లోపలికి పిలిచి, అన్నం పెట్టి, పడక వేస్తారు. తెల్లవారి కొత్త బట్టలు పెట్టి పంపుతారు. అది అయ్యేదాకా అతను ఎవరింట్లోకీ పోడు. పోతే అరుగు మీదే కూర్చుంటాడు. నేనూ పదకొండు నెలలుగా అరుగుల మీదే కూర్చున్నాను.

ఆచారాలను గట్టిగా పట్టుకునే మనిషిని కాను. ముప్పై ఏళ్లు గిద్దలూరు గ్రంథాలయంలో పనిచేశాను. పుస్తకాలు చదివినంతగా మనుషులతో మాట్లాడలేదు. అయినా ఈ ఒక్కటి చేయాలనిపించింది. సుబ్బరత్న ఉన్నన్నాళ్లూ పుట్టింటికి పోయొద్దామని అడిగేది. ఎండలు తగ్గనీ, సెలవులు రానీ అని నేను వాయిదా వేసేవాణ్ణి.

ఆ పుట్టిల్లు ఇప్పుడు లేదు. పుల్లలచెరువు పక్క పల్లెలో ఉండేది. బోర్లు ఎండిపోయాక పొలం, ఇల్లు రెండూ అమ్మేశారు. తల్లిదండ్రులు అంతకు ముందే పోయారు. వదిన ఇంట్లో నిద్ర చేద్దామంటే, కొమరోలులో ఉండే మా పెదనాయన ఒప్పుకోలేదు. "ఆమె పెళ్లి చేసుకొని ఇంకో ఇంటికి పోయిన మనిషి. పుట్టిల్లంటే కేశవులు ఉండే ఇల్లే. బుకారెస్టయితే ఏందిరా, బస్సు పోదా?" అన్నాడు. వచ్చే నెలలో ఆయన మనవరాలి పెళ్లి. నేను లోపలికి వచ్చి అక్షింతలు వేయాలని ఆయన కోరిక. మాకిద్దరికీ వీసా బుధవారం నుంచి ఇచ్చారు. ఏడాది తిథి గురువారం. బుధవారం రాత్రి నిద్ర అయిపోవాలి. వేరే రోజు లేదు.

వియన్నాలో విమానం మారాలి. దాని గురించి కేశవులు ఫోనులో ధైర్యం చెప్పాడు. "అక్కడ ఏం అడగరు బావా. మన బస్టాండులో ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కినట్లే. పాస్‌పోర్టు చూసేది ఇక్కడ బుకారెస్టులోనే. నేను వచ్చినప్పుడు వియన్నాలో కాఫీ తాగి కూర్చున్నా." అందుకని రెండు విమానాల మధ్య గంటన్నర మాత్రమే ఉండేట్టు టిక్కెట్లు తీసుకున్నాం.

హైదరాబాదు

ఇక్కడ వదిన వేళ్ల సంగతి చెప్పాలి.

ఆమె ఇరవై ఎనిమిదేళ్లుగా పలకలు అరగదీస్తోంది. కోసిన రాతి పలకను నీళ్లు చల్లి రాయితో రుద్ది నున్నగా చేసే పని. ఆ పనిలో ఉన్న ఆడవాళ్ల వేళ్లకు గీతలుండవు. రేషన్ దుకాణంలో మిషను వాళ్ల వేలిముద్ర తీసుకోదు. డీలరు తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంటాడు, తలకు రుద్దుకోమంటాడు, చివరికి "రేపు రా అక్కా" అంటాడు. వీసాకు పది వేళ్ల ముద్రలు ఇవ్వాలని తెలిసి వదిన ఐదు వారాలు పని మానేసింది. చేతులకు వెన్న రాసుకుని కూర్చుంది. గీతలు తిరిగి వచ్చాయి. హైదరాబాదులో వీసా ఆఫీసులో పది వేళ్లూ మొదటిసారికే పడ్డాయి. బయటికి వచ్చి తన వేళ్లను తనే చూసుకుంది. "చిన్నపిల్ల వేళ్లున్నట్టున్నాయి మరిదీ," అంది.

వీసా వచ్చిన మరునాడు మళ్లీ పనిలోకి పోయింది. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది. ముద్రలు ఒకసారి ఇచ్చేశాం, ఇంక ఆ పని అయిపోయింది అని ఆమె అనుకుంది. నేనూ అట్లనే అనుకున్నాను.

విమానాశ్రయంలో తనిఖీ చేసే అతను గుడ్డ సంచిలోంచి ఒక పొట్లం తీసి పైకెత్తాడు. ఎర్రటి వేరుశనగ పొడి.

"ఏందమ్మా ఇది?"

"చెనిక్కాయల పొడి నాయనా. రొట్టెల్లోకి. చేయి పట్టు, పెడతా."

అతను నవ్వి పొట్లం తిరిగి సంచిలో పెట్టాడు. "ఢిల్లీలో విమానం మారేటప్పుడు అడిగితే మాత్రం చేయి పట్టమనొద్దమ్మా," అన్నాడు.

వియన్నా

విమానం వేళకే దిగింది. బుకారెస్టు అని రాసి ఉన్న బాణం గుర్తు వెంట నడిచాం. ఆ బాణం కాఫీ దుకాణం వైపు పోలేదు. పెద్ద హాలులోకి పోయింది. అక్కడ గాజు గదులు, వాటి ముందు నాలుగు మెలికలు తిరిగిన వరస. బుకారెస్టు పోయే విమానాలన్నీ ఆ గాజు గదులకు అవతల ఉన్నాయి.

వరసలో నిలబడ్డాక నాకు విషయం అర్థమైంది. ఐరోపాలో కొన్ని దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్నాయని, రొమేనియా కూడా ఆ దేశాల్లో చేరిందని నేను పేపర్లో చదివాను. చదివి, మంచిదే అనుకుని పేజీ తిప్పాను. అది వియన్నాలో విమానం మారే ఇద్దరు మార్కాపురం మనుషులకు సంబంధించిన వార్త అని తోచలేదు. కేశవులు పోయింది దానికి ముందు. అతను చెప్పింది అప్పటికి నిజమే.

గాజు గదిలో ముప్పై ఏళ్ల అమ్మాయి ఉంది. నా నాలుగు వేళ్లు మిషను మీద పెట్టించింది. పచ్చ దీపం వెలిగింది. వదిన పెట్టింది. ఎర్ర దీపం. తుడుచుకుని పెట్టింది. ఎర్ర దీపం. వదిన అలవాటు కొద్దీ వేళ్లను తలకు రుద్దుకుంది. ఆ అమ్మాయి కొంచెం వెనక్కి జరిగింది. మళ్లీ ఎర్ర దీపమే.

"హైదరాబాదులో ఇచ్చిన వేళ్లు ఇవి కావంటోంది మిషను," అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో.

మమ్మల్ని పక్కనున్న గదిలోకి పంపారు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, నా వయసే ఉంటుంది. ఇంకో మిషను, ఇంకో కుర్చీ. గోడ మీద గడియారం ఉంది. మా విమానానికి నలభై నిమిషాలు ఉంది.

"అప్పటి ముద్రలు బాగున్నాయి. ఇప్పుడు ఎందుకు లేవు?" అని ఆయన అడిగాడు. నేను వదినకు చెప్పాను.

"అప్పుడు పని మాని పోయినాను. ఇప్పుడు పని చేసి వచ్చినాను. అంతే అని చెప్పు."

చెప్పాను. ఏం పని అని అడిగాడు. రాతి పలకలు, పిల్లలు బలపంతో రాసుకునేవి అన్నాను. ఆయన వదిన అరచేయిని తన చేతిలోకి తీసుకుని దీపం కిందికి జరిపాడు. చాలాసేపు చూశాడు. వదిన చేయి వెనక్కి లాక్కోలేదు.

"ఎప్పుడన్నా చేయి చూసి జాతకం చెప్పించుకుందామంటే మావోళ్లు వద్దన్నారు," అంది నాతో. "వియన్నాలో రాసిపెట్టుంది."

ఆయన కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే పెట్టించాడు. ఒక్కటీ కలవలేదు. కలవకపోతే ఏం చేస్తారని అడిగాను. వచ్చిన విమానంలోనే వెనక్కి పంపవచ్చు అన్నాడు, మామూలు గొంతుతోనే. తర్వాత ఎడమచేయి మొదలుపెట్టాడు. పలకను ఎడమచేత్తో అదిమి పట్టుకుంటారు. అప్పుడు చిటికెన వేలు రాతికి తగలకుండా పైకి లేచి ఉంటుంది. చిటికెన వేలికి పచ్చ దీపం వెలిగింది. పక్క వేలు మూడోసారికి వెలిగింది. ఆయన వీసా మీది ఫోటోను, వదిన ముఖాన్ని మార్చి మార్చి చూసి, ఏవో టైపు చేసి, చాలు అన్నాడు.

మా బావమరిదిని ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదే అని నేను అన్నాను. తప్పు పట్టాలని కాదు, అడగాలనిపించింది.

"అప్పుడు రొమేనియా గుమ్మం రొమేనియాలోనే ఉండేది," అన్నాడాయన. "ఇప్పుడు ఇదే వాళ్ల గుమ్మం. ఇది దాటారు గనక మీరు లోపలికి వచ్చేసినట్లే. బుకారెస్టులో మిమ్మల్ని ఎవరూ ఆపరు."

బయటికి వచ్చాక ఏమన్నాడని వదిన అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. మేము గేటు దగ్గరికి పోయేసరికి విమానం లేదు.

అదే గుమ్మం

టిక్కెట్ల బల్ల దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. సాయంత్రం ఏడుకు ఒక విమానం ఉంది, అందులో ఒకే ఒక సీటు ఉంది. రెండో మనిషి రేపు ఉదయం రావాలి. ఎవరు పోతారు?

నేను కేశవులుకు ఫోను చేశాను. అతను నన్ను ఎక్కేయమన్నాడు. "నిద్ర నీది బావా. అక్క పొద్దున్నే వస్తాది. ఆమెకేం భయం లేదు, నాకు తెలుసు." సుబ్బరత్న చనిపోయినప్పుడు అతను రాలేకపోయాడు. అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు కొత్తది రావాల్సి ఉండింది, దేశం దాటితే మళ్లీ రానియ్యరని భయపడ్డాడు. ఈ ఒక్క రాత్రి తన ఇంట్లో జరగాలని ఏడాదంతా ఎదురు చూశాడు.

వదిన ఫోను తీసుకుంది. "పంపిస్తాలే," అని పెట్టేసింది. నాతో, "పో మరిదీ. నేను ఈ కుర్చీలో కూర్చుంటా. పొద్దున ఎవరో ఒకరు ఎక్కిస్తారు," అంది.

ఆమెకు ఇంగ్లీషు అక్షరం తెలియదు. గేట్ల నంబర్లు మారుతూ ఉన్నాయి. గంట కిందటే ఆమెను వెనక్కి పంపవచ్చన్నారు. నేను పోనని చెప్పాను.

"పెదనాయనకు ఏం చెప్తావు?"

"నిద్ర కాలేదని చెప్తా."

"అరుగు మీదనే కూర్చుంటావా ఎల్లకాలం?"

"కూర్చుంటా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "ఈ మొండితనం ఇరవై ఆరేళ్లు ఎట్ల భరించిందో మా చెల్లెలు," అంది. నేను బల్ల దగ్గరికి పోయి రేపు ఉదయానికి రెండు సీట్లు రాయించుకుని, ఇద్దరం పొద్దున్నే వస్తామని కేశవులుకు చెప్పి వచ్చాను. అప్పటికి వదిన చెప్పులు విప్పి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఆ ఆఫీసరాయన ఏమన్నాడు? ఆ దేశం గుమ్మం ఇదేనన్నాడు గదా?"

"అన్నాడు."

"మనం దాటినాం గదా?"

"దాటినాం."

"దేశం గడప ఇంత దూరం వచ్చినప్పుడు, ఆ దేశంలో ఉండే మా తమ్ముని ఇంటి గడప రాకూడదా? వచ్చిందనుకో. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లను నేనుండా. లేయ్, కాళ్లు కడుక్కుందువు."

నేనూ చెప్పులు విప్పాను. లేచాను.

నీళ్ల సీసా నాలుగు యూరోలు. మన లెక్కలో నాలుగు వందల పైమాటే. ఆ ధర విని వదిన ఖాళీ సీసా ఏదైనా ఉందేమో చూడమంది. ఒకటి దొరికింది. పక్కనే తాగే నీళ్ల కొళాయి ఉంది, ఉచితం. అందులో పట్టుకొచ్చాం. ఒక కిటికీ మూల నేను నిలబడితే ఆమె వంగి నా కాళ్ల మీద నీళ్లు పోసింది. అప్పుడే నేల తుడిచే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చింది. తలకు గుడ్డ కట్టుకున్న లావుపాటి మనిషి. తడిసిన నేలను చూసింది, నా కాళ్లను చూసింది. కేక వేస్తుందనుకున్నాను. వదిన ఆమె వైపు తిరిగి, "ఒక్క నిమిషం అక్కా, అయిపోయింది," అంది తెలుగులోనే. ఆవిడ బండి పట్టుకుని నిలబడింది. నీళ్లన్నీ పోయడం అయ్యాక వచ్చి తుడిచి, తన దగ్గరున్న కాగితపు తువ్వాలు నాకు ఇచ్చింది.

గుడ్డ సంచి విప్పాం. ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ. మొదటి రొట్టె వదిన నా చేతిలో పెట్టింది. రెండోది తీసుకుపోయి నేల తుడిచే ఆవిడకు ఇచ్చింది. ఆవిడ నిలబడే తినింది. పొడి ఘాటుకు కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం పెట్టమని చేయి చాపింది.

వదిన సంచిలోంచి దుప్పటి తీసి గోడ పక్కన పరిచింది. ఆ రాత్రి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తెల్లవారేదాకా మెలకువ రాలేదు.

ఉదయం ఆమె సూట్‌కేసు లేదని తిట్టుకుంది. తమ్ముడి చేత నాకు పెట్టించాలని మార్కాపురంలో కొన్న పంచె అందులో ఉంది. సంచి అడుగున తన కోసం తెచ్చుకున్న కొత్త తువ్వాలు ఉంది. దాన్ని నా భుజం మీద వేసింది. "పోయిరా," అంది. ఇద్దరం కలిసే గేటు వైపు నడిచాం.

బుకారెస్టు

అక్కడ నిజంగానే ఎవరూ ఆపలేదు. ఒంగోలు బస్సు దిగినట్లు దిగి బయటికి వచ్చాం. కేశవులు కనబడలేదు. అతను తనకు తెలిసిన ద్వారం దగ్గర, పాస్‌పోర్టు చూపించి వచ్చేవాళ్ల ద్వారం దగ్గర గంట నుంచి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి పరుగెత్తుకుంటూ వచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాడు. కొంచెం తేరుకుని, వియన్నాలో జరిగింది విన్నాక కోపం వచ్చింది.

"నా ఇంట్లో కావాల్సింది నువ్వెట్ల చేస్తావక్కా? నిన్న రాత్రికని అన్నం కూడా వండి పెట్టినా."

"మీ ఇంటి గడప వియన్నాలో ఉందంట. ఆఫీసరు చెప్పినాడు."

"అట్లయితే నేను ఇక్కడ దేనికి కట్టేది బాడుగ?"

"కట్టు. లోపలి గదులకు."

అతను ఏడుస్తూనే నవ్వాడు. ఇంటికి పోయాక మళ్లీ కాళ్లకు నీళ్లు పోసి, తన చేత్తో పంచె పెట్టాడు. నేను వద్దనలేదు.

ఆ ఇల్లు ఒక గది, వంటకు ఒక మూల. కింద ఇంటి యజమానురాలు ఉంటుంది. భర్త పోయిన పెద్దావిడ. ఆ రోజు సుబ్బరత్న ఏడాది అని కేశవులు చెప్పాడట. మధ్యాహ్నం ఆమె ఒక రొట్టె, దాని మీద మడిచిన కొత్త తువ్వాలు, కొవ్వొత్తి పట్టుకుని పైకి వచ్చింది. వాళ్లూ ఏడాదికి ఇట్లా ఇస్తారట. చనిపోయినవాళ్ల పేరు చెప్పి, తీసుకున్నవాళ్లు తినాలట. ఆమె సుబ్బరత్న పేరు సరిగా పలకడానికి రెండుసార్లు ప్రయత్నించింది. మేం తిన్నాం.

సాయంత్రం ఆమే మొక్కజొన్న పిండితో ఉడికించిన ముద్ద, పక్కన తెల్లటి జున్ను పంపింది. వదిన వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. "ఇది సంగటి. కారం మరిచిపోయినారు," అంది. ఉన్న పది రోజులూ పొద్దున ఆమె ఆ ముద్దలో ఊరగాయ కలుపుకుని తినింది. మార్కెట్లో ఆ ఊరగాయ సీసా చూపించి ముసలమ్మలతో బేరం కూడా ఆడింది. ఇరుపక్షాలకూ ఒక్క మాట అర్థం కాలేదు. ఒక కట్ట ఉల్లికాడలు మాత్రం ఎక్కువ తెచ్చుకుంది.

కొమరోలు

తిరిగి ఊరికి వచ్చిన మూడో రోజు పెదనాయన దగ్గరికి పోయాను. ఆయన వసారాలో మంచం మీద ఉన్నాడు. నేను అలవాటుగా అరుగు మీద కూర్చున్నాను.

"అయిందా?"

"అయింది పెదనాయనా. వియన్నాలో."

"అది కేశవులు ఉండే ఊరేనా?"

"కాదు. మధ్యలో దిగి విమానం మారే ఊరు."

"మధ్యలో దిగే ఊర్లో పుట్టిల్లు ఎట్ల ఉంటాదిరా?"

జరిగింది మొదటి నుంచి చెప్పాను. వదిన వేళ్ల సంగతి, ఒక్క సీటు సంగతి, ఆఫీసరు అన్నమాట, వదిన అన్నమాట. ఏదీ దాచలేదు. ఆయన కాదంటే కాదు. ఇంకో ఏడాది లేదు, ఇంకో తిథి లేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

"జిల్లాలు మార్చినప్పుడు మనం కర్నూలు జిల్లాలో పడుకొని ప్రకాశం జిల్లాలో లేచినోళ్లం. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు. గీత కదిలింది. ఆ పొద్దు నుంచి పొలం కాగితాలకు ఒంగోలు పోయినాం. కర్నూలు పోతామంటే ఎవడు ఒప్పుకున్నాడు?"

ఎవడూ ఒప్పుకోలేదన్నాను.

"ఓబులమ్మ చెప్పింది సబబే," అన్నాడు. లోపలికి తిరిగి కోడలిని పిలిచి, నాకు లోపల పీట వేయమన్నాడు.

తర్వాత పాస్‌పోర్టు తెచ్చావా అని అడిగాడు. ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. వీసా కాగితం చూశాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. వియన్నా ముద్ర ఎక్కడుందిరా, పెళ్లికి వచ్చినోళ్లు అడిగితే చూపిస్తా అన్నాడు.

వేళ్లు చూస్తారు, ముఖం ఫోటో తీసుకుంటారు, అంతేనని చెప్పి లోపలికి పోయి కూర్చున్నాను. పాస్‌పోర్టు మీద ముద్ర ఇప్పుడు వేయడం లేదు.